దీపం వెలిగే వేళకే గేటు మూసేస్తే ఎలా?

కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. మీ ఆఫీసులో తెలుగువాళ్లు ఒక్కరైనా ఉండకపోరు, చదివి చెబుతారని ధీమా.

మాది విజయనగరం జిల్లా. పోయిన వేసవి సెలవుల్లో మనవరాలిని తీసుకుని మా తీరంలోనే ఒక లైట్‌హౌస్ చూడ్డానికి వెళ్లాను. ఏ ఊరో చెప్పను. అక్కడ డ్యూటీలో ఉన్న అబ్బాయి తప్పేమీ లేదు, పైగా మాకు మంచినీళ్లిచ్చాడు. టిక్కెట్టు తీసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ పైదాకా ఎక్కాను. దీపపు గది అద్దాలకు లోపలివైపు తెరలు దించి ఉన్నాయి. పట్టపగలు తెరలేమిటని పిల్ల అడిగింది. దీపం చుట్టూ ఉన్న పట్టకాల అద్దం పెద్ద భూతద్దం లాంటిదనీ, రాత్రి వెలుగును సముద్రం మీదికి ఎలా పంపుతుందో పగలు ఎండను అలాగే లోపలికి గుంజి ఒకచోట పోస్తుందనీ, తెర లేకపోతే లోపల మాడిపోతుందనీ ఆ అబ్బాయే చెప్పాడు. తెర సందులోంచి దూరిన ఎండ అద్దం అంచుకు తగిలి గోడ మీద రంగులుగా పడుతోంది. పిల్ల అరచెయ్యి అడ్డం పెట్టి ఆ రంగులు పట్టుకోబోయింది.

"మరి ఎప్పుడు వెలిగిస్తారు?"

"పొద్దు పోయాక."

"అయితే ఉందాం తాతయ్యా!"

అబ్బాయి మొహమాటంగా గడియారం చూపించాడు. సందర్శకుల టైము అయిపోయింది, గేటు మూసెయ్యాలి.

మంత్రి గారూ, నా గొడవంతా ఇదే. గుళ్లో హారతి టైముకు జనాన్ని బయటికి పంపేసి తలుపులేసుకుంటారా? లైట్‌హౌస్‌లో చూడాల్సింది లైటు. మెట్లు, గోడలు, పైనుంచి సముద్రం తర్వాతి సంగతి.

చేసేది లేక రోడ్డు మీద కల్వర్టు గట్టున కూర్చున్నాం. చీకటి పడుతుంటే మొదటి మెరుపు తిరిగింది. పిల్ల ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు చెప్పాను, ఏ లైట్‌హౌస్ లెక్క దానిదేనని. ఎన్ని సెకన్లకు ఎన్నిసార్లు మెరుస్తుందో చూసి, చార్టుతో సరిపోల్చుకుని, తానెక్కడున్నదీ ఓడ తెలుసుకుంటుంది. పూర్వం ఆ అద్దం తిరగడానికి కరెంటు కూడా లేదు. గోడ గడియారానికిచ్చినట్టు కీ ఇచ్చి బరువును పైకెత్తితే, అది దిగుతున్నంతసేపూ అద్దం తిరిగేది. కిందికి దిగాక మళ్లీ ఎత్తాలి. రాత్రంతా ఒక మనిషి మేలుకునుండాల్సిందే.

మా వైపు సంతపల్లి లైట్‌హౌస్ గురించి మీ ఫైళ్లలో ఉండే ఉంటుంది. చింతపల్లి దగ్గర సముద్రంలో రాళ్లున్నాయి, భీమిలి రేవుకు వచ్చే ఓడలకు అవి గండం. ఆ రాళ్ల కోసమే 1847లో అక్కడ దీపం పెట్టారు. ఇంకా పైకి వెళితే వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం లైట్‌హౌస్, 1876 నాటిది. ఆ రేవుకు ఓడలు రావడం ఎప్పుడో మానేశాయి. భీమిలి సంగతీ అంతే. డచ్చివాళ్ల సమాధులున్నాయి, లైట్‌హౌస్ ఉంది, ఓడలే లేవు. అయినా రేవు పోయిన ఊళ్లో దీపం మాత్రం ఉండిపోవడం నాకెందుకో బాగుంటుంది.

మద్రాసువాళ్లు అదృష్టవంతులు. 1796లో కోటలో కొబ్బరినూనె దీపాలతో మొదలైన కథ నాలుగో లైట్‌హౌస్ దాకా వచ్చింది. 1844 నాటి రాతి స్తంభం హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ నిలబడే ఉంది. మహాబలిపురంలోనైతే కొండ మీది పల్లవుల గుడి కప్పునే కొన్నాళ్లు దీపానికి వాడుకున్నారు. ఇవి నలుగురికీ తెలుసు. సంతపల్లి పేరు మా జిల్లాలోనే సగం మందికి తెలియదు.

2021లో పాత 1927 లైట్‌హౌస్ చట్టం తీసేసి కొత్త చట్టం తెచ్చారు. వారసత్వ లైట్‌హౌస్‌గా ప్రకటించే వీలు అందులో పెట్టారు, మంచి పని. 2024 ఫిబ్రవరిలో 75 లైట్‌హౌస్‌ల దగ్గర పర్యాటక సదుపాయాలు ప్రారంభించారు, సంతోషం. ఫుడ్ కోర్టులు, సెల్ఫీ పాయింట్లు వద్దని నేననను, పిల్లలకు ఐస్‌క్రీమ్ కావాలి కదా. కానీ సంతపల్లిని, కళింగపట్నాన్ని ఆ వారసత్వ జాబితాకు పరిశీలించండి. గేటు దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. ఏ సంవత్సరం, ఏ రాళ్ల కోసం, ఎన్ని సెకన్లకు ఎన్ని మెరుపులు, ఈ నాలుగు ముక్కలు చాలు. ఎల్ఈడీలు వచ్చాక పక్కన పడేసిన పాత అద్దాలు, ఇత్తడి సామాను ఎక్కడైనా ఉంటే స్టోర్ రూముల్లోంచి తీయించి అక్కడే చూపించండి.

అన్నిటికంటే ముందు, వారానికి ఒక్క సాయంత్రం దీపం వెలిగేదాకా జనాన్ని ఉండనివ్వండి. చీకట్లో ఆ ఇరుకు మెట్ల మీద ఎక్కించమనడం లేదు, ఎవరైనా జారితే మీకూ టెన్షనే. కింద ఆవరణలో నిలబడనిస్తే చాలు. దీనికి మీకయ్యే ఖర్చు సిబ్బందికి ఓ గంట ఓవర్‌టైమ్.

సంక్రాంతికి మనవరాలు మళ్లీ వస్తోంది. పోయినసారి తన లెక్క మెరుపు మెరుపుకీ మారిపోయిందట, ఈసారి స్టాప్‌వాచీ తెస్తానంటోంది. గేటు లోపల నిలబడాలా, కల్వర్టు మీద కూర్చోవాలా అన్నది మీరు చెబితే సరి.

ఇట్లు,
ఒక తాతయ్య,
విజయనగరం జిల్లా