మోటుపల్లి శాసనం పరీక్ష బిట్టుకే పరిమితమా?

సంపాదకులు గారికి,

రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట పోర్టుల పనుల గురించి పత్రికల్లో తరచూ చదువుతున్నాం. సంతోషమే. ఆ కబుర్లలో మోటుపల్లి పేరు మాత్రం నాకెక్కడా కనిపించలేదు. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని ఈ పల్లె కాకతీయుల కాలంలో దేశవిదేశాల ఓడలు ఆగిన రేవు.

గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ‘మోటుపల్లి అభయ శాసనం వేయించింది ఎవరు?’ అన్న బిట్టు కంఠతా వచ్చు. గణపతిదేవుడు, 1244. అక్కడితో సరి. అందులో ఏం రాశారని అడిగితే చాలామంది తడుముకుంటారు.

తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారట. అసలే ఓడ పోయి ఏడుస్తున్నవాడి మీద మళ్లీ దోపిడీ! ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించి వచ్చినవాళ్ల సొత్తు వాళ్లకే వదిలేస్తాం, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోం అని గణపతిదేవుడు రాతి మీద చెక్కించి మరీ మాటిచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ఆ సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, పోకలు అంటూ సరుకుల పేర్లు కూడా చెప్పాడు. పెట్టుబడుల సదస్సులు పెట్టేవారు ఒకసారి తీరిగ్గా చదవాల్సిన శాసనం ఇది.

కాకతీయులు పోయాక 1358లో కొండవీటి అన్నపోతారెడ్డి ఇక్కడే మరో శాసనం వేయించి సముద్ర వర్తకులకు మళ్లీ భరోసా ఇచ్చాడు. వారసుల్లేక చనిపోయిన వర్తకుడి ఆస్తిని రాజు తీసుకునే పద్ధతిని కూడా ఎత్తేశాడు. మధ్యలో మార్కో పోలో ఈ సీమ గురించి రాస్తూ వజ్రాలను, సాలెగూడంత సన్నని నూలు బట్టలను, న్యాయంగా పాలించిన ఒక రాణిని మెచ్చుకున్నాడు. ఆమె రుద్రమదేవేనని చరిత్రకారుల మాట. ఆ బట్టల సంగతి మా చీరాల, వేటపాలెం నేతగాళ్లకు ఎవరైనా చెప్పారో లేదో!

శని, ఆదివారాల్లో సూర్యలంక, వాడరేవు బీచ్‌లు కార్లతో కిటకిటలాడుతున్నాయి. వాళ్లలో మోటుపల్లి వైపు తిరిగేది ఎందరు? తిరిగినా వీరభద్రస్వామి గుడి దగ్గరి శాసన స్తంభం మీది పాత అక్షరాలు మామూలు మనిషికి అర్థం కావు.

పర్యాటక, పురావస్తు శాఖలను కోరేది ఇదే. పాత శాసనాలను ప్రచురించే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపుటాల్లో వందేళ్ల కిందటే అచ్చయిన ఈ శాసన పాఠాన్ని వాడుక తెలుగులో రాయించి, గుడి దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలి. జీర్ణోద్ధరణ పేరుతో శాసనాలకు సున్నాలు, రంగులు పూసేయడం మన గుళ్లలో కొత్త కాదు కాబట్టి, స్తంభం విషయంలో గుడి పెద్దలకు ముందుగానే చెప్పి ఉంచాలి. చుట్టుపక్కల హైస్కూళ్ల విద్యార్థులను ఏడాదికోసారైనా అక్కడికి తీసుకెళ్లాలి. రామాయపట్నం పోర్టు ప్రారంభించే రోజున ఆ శాసనం నకలు ఒకటి పోర్టు గేటు దగ్గర నిలబెట్టినా బాగుంటుంది. దీనికయ్యే ఖర్చు సభావేదిక మీద పూలకయ్యేంత కూడా ఉండదు.

– ఒక పాఠకురాలు, చీరాల