రీస్టార్ట్ చేస్తే ఉత్తరం పోతుంది

సంపాదకులకు,

ఇంటర్నెట్ మధ్యలో బిగుసుకుపోతోందని ఒక పాఠకుడు అడిగితే, మీ కంప్యూటర్ శీర్షికలో గత ఆదివారం ‘రీస్టార్ట్ చేయండి’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. తాను వాడేది లినక్స్ (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) అని ఆయన ప్రశ్నలోనే రాశారు. కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర టైపింగ్, ఈమెయిల్ దుకాణం నడిపే నేను రెండు నెలలు ఆ రీస్టార్ట్ వైద్యమే చేశాను.

రాయచోటి, రాజంపేట వైపు ఆడవాళ్లు కువైట్‌లో ఉన్న భర్తలకు ఉత్తరాలు చెబుతారు, నేను ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడతాను. సగం రోజులు చివర్లో నెట్ ఆగిపోయేది. పక్కనున్న ఫోను ఎత్తితే మోడెం (ఫోను లైను మీద నెట్ కలిపే పరికరం) బుస్సుమంటూనే ఉండేది, అంటే ఫోను బిల్లు మీటరు తిరుగుతూనే ఉంది. మళ్లీ డయల్ చేయబోతే ‘పోర్టుకు తాళం పడింది’ అనేది. గత్యంతరం లేక రీస్టార్ట్ చేసేవాణ్ణి. ఆమె చెప్పినదంతా తెర మీది నుంచి పోయేది. ‘మళ్లీ చెప్పమ్మా’ అనడానికి నాకు నోరు వచ్చేది కాదు.

తప్పు ఫోను లైనుదే అనుకుని లైన్‌మన్‌ను మూడుసార్లు పిలిపించాను. పాపం, గోడ మీది డబ్బా కూడా మార్చాడు. అతనికి నేను ఒక టీ బాకీ.

ఒకరోజు చేతులు కీబోర్డు మీదే ఉంచి అరగంట కొట్టాను, ఏమీ కాలేదు. పంపుదామని మౌస్ కదిపాను, ఆగిపోయింది. అప్పుడు వెలిగింది. నాది పాత మౌస్, మొదటి సీరియల్ పోర్టుకు తగిలించేది. లోపలి మోడెం మూడో పోర్టు. మామూలుగా ఈ రెండు పోర్టులకూ ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే గంట) నంబరు 4 ఒక్కటే. ఇద్దరూ ఒకే గంట కొడితే తలుపు తీసేవాడికి ఎవరు వచ్చారో తెలియదు. మోడెం కార్డు మీది జంపర్ అనే చిన్న క్లిప్పు పీకి, ఖాళీగా ఉన్న 5కు మార్చాను. సెట్‌సీరియల్ ఆదేశంతో ఆ సంగతి లినక్స్‌కూ చెప్పాను. ఆ తరువాత మౌస్ ఎంత తిప్పినా నెట్ ఆగలేదు.

ఇక ఆ తాళం సంగతి. నెట్ కలిపే పీపీపీడీ అనే ప్రోగ్రాం ఫోను పట్టుకున్నప్పుడు వార్/లాక్ డైరెక్టరీలో ఒక చిన్న ఫైలు పెట్టి, అందులో తన ప్రాసెస్ నంబరు (నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంకూ లినక్స్ ఇచ్చే నంబరు) రాసుకుంటుంది. నెట్ బిగుసుకున్నా ఆ ప్రోగ్రాం బతికే ఉంటుంది, తాళం దాని చేతిలోనే ఉంటుంది. ఆ నంబరు చూసి మామూలు కిల్ (ప్రోగ్రాంను ఆపే ఆదేశం) కొడితే చాలు, అదే ఫోను పెట్టేసి తాళం తీసి వెళ్తుంది. తొందరపడి ‘కిల్ -9’ కొట్టకండి, సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వదు. తెర మీద ఉత్తరం ఎక్కడిదక్కడే ఉంటుంది. మళ్లీ డయల్ చేసి పంపుకోవచ్చు.

పీపీపీడీ ఆప్షన్ల ఫైలులో ఎల్‌సీపీ-ఎకో-ఇంటర్వల్ 30, ఎల్‌సీపీ-ఎకో-ఫెయిల్యూర్ 4 అని రెండు వరుసలు చేర్చాను. అంటే ముప్పై సెకన్లకోసారి అవతలివాణ్ణి పలకరించు, వరుసగా నాలుగుసార్లు పలకకపోతే ఆపు అని. అవతలి నుంచి జవాబు రాకపోతే సుమారు రెండు నిమిషాల్లో అదే ఫోను పెట్టేస్తుంది. నేను భోజనానికి వెళ్లినప్పుడు మీటరు ఊరికే తిరగదు.

అందరి జబ్బూ మౌస్ కాకపోవచ్చు. ముందు లాగ్ ఫైలు (ఏం జరిగిందో కంప్యూటర్ రాసుకునే చిట్టా) చివరి పది వరుసలు పంపమని ఆ పాఠకుడిని అడగండి. వచ్చే ఆదివారం నేను చూస్తాను.

- ఒక దుకాణదారు, కడప