హాస్టల్ గేటు తాళం గురించి విద్యాశాఖ మంత్రి గారికి ఒక తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరులో ఇరవై రెండేళ్లుగా ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. ఇళ్లకు, అపార్ట్‌మెంట్లకు వైరింగ్ చేయడం నా వృత్తి. మా అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం చదువుతూ, విజయవాడకీ గుంటూరుకీ మధ్య ఒక యూనివర్సిటీ హాస్టల్లో ఉంటోంది. ఆ యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయను. పిల్ల ఇంకా రెండేళ్లు అక్కడే చదవాలి. పైగా పని మీద వెళ్లిన చాలా హాస్టళ్లలో నేను ఇదే పరిస్థితి చూశాను.

గత జనవరిలో, సంక్రాంతి సెలవులై పిల్లలు తిరిగి వెళ్లిన వారంలో, తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోన్ మోగింది. "నాన్నా, పైన ఏదో కాలుతోంది. అందరం కిందకి వచ్చేశాం. గేటు తీసేవాళ్లు లేరు" అంది. వెనకాల పిల్లల ఏడుపులు వినపడుతున్నాయి. గ్రిల్ గేటుకి బయటి నుంచి తాళం వేసి ఉంది. తాళంచెవి వాచ్‌మెన్ జేబులో ఉంది. ఆయన టీ తాగడానికి హైవే పక్కకి వెళ్లాడు. వార్డెన్ మేడం ఉండేది వేరే బిల్డింగులో, ఆవిడ ఫోన్ ఎత్తలేదు. నేను చొక్కా వేసుకుని బండి తీశాను. పెదకాకాని దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఫోన్ చేసి, "గేటు తీశారు నాన్నా, అందరం బాగానే ఉన్నాం" అంది. చేతులు వణికి బండి రోడ్డు పక్కన ఆపేశాను.

ఎవరికీ ఏమీ కాలేదు. పొగ దానంతట అదే ఆగింది. తెల్లారాక బతిమాలి, నేను కరెంటు పనివాణ్ణని చెప్పి, ఆ గది చూస్తానని అడిగితే పది నిమిషాలు పైకి వెళ్లనిచ్చారు.

అక్కడ నేను చూసింది మీకు చెప్పాలి. మంచం కింద సన్నటి వైరుతో ఒక జంక్షన్ బాక్సు కరిగి ముద్దైపోయి ఉంది. దానికి రెండు వాటర్ హీటర్ రాడ్లు పెట్టారు. ఒక్కో రాడ్ 1500 వాట్లు, అంటే సుమారు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. రెండూ కలిపితే 13. గోడకున్న సాకెట్ 6 ఆంపియర్లది. పక్క గదిలో కెటిల్ కూడా అదే లైను మీద ఉంది. మరి కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్చు, ఎంసీబీ, ఎందుకు పడిపోలేదా అని ఆ స్విచ్చులుండే డీబీ బాక్సు తెరిచి చూశాను. గదులకు వెళ్లే వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది. దానికి 10 ఆంపియర్ల ఎంసీబీ ఉండాలి. మాటిమాటికీ పడిపోతోందని ఎవరో దాన్ని తీసేసి 32 ఆంపియర్లది బిగించారు. అంటే వైరు కాలిపోయేదాకా కరెంటు ఆగదు. సాకెట్ విప్పితే మూడో పిన్నుకి ఎర్త్ వైరే లేదు. షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఆ అంతస్తు మొత్తంలో ఎక్కడా లేదు. కారిడార్ చివర మంటలార్పే సిలిండరు ఒకటి వేలాడుతోంది. దాని మీటరు ముల్లు ఎరుపు గీత మీద ఉంది. నింపిన తేదీ రాసిన కాగితం వెలిసిపోయి చదవడానికి వీల్లేకుండా ఉంది.

ఆ సాయంత్రానికే నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. రాడ్లు, కెటిళ్లు, ఇస్త్రీ పెట్టెలు దొరికితే వెయ్యి రూపాయల జరిమానా, తల్లిదండ్రులు వచ్చి సంతకం పెట్టాలి అని అందులో ఉంది. వాచ్‌మెన్‌ని మర్నాడే పనిలోంచి తీసేశారు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా ఒక్కడే కాపలా ఉండే పెద్దాయన ఆయన. తాళం మాత్రం ఇప్పటికీ బయటి నుంచే వేస్తున్నారు. ఎంసీబీ కూడా మార్చలేదని మా అమ్మాయి చెప్పింది.

అయ్యా, రాడ్ వాడటం తప్పే. బకెట్లో రాడ్ ఆన్‌లో ఉండగా నీళ్లలో చెయ్యి పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, నా పనిలో ఆ కబుర్లు వింటూనే ఉంటాం. మా అమ్మాయిని కూడా కోప్పడ్డాను. కానీ జనవరి చలిలో అంతస్తుకి ఉన్న ఒక్క గీజరూ పాడై నెల దాటితే, ఎనిమిది గంటలకి ల్యాబ్ ఉన్న ఎనభై మంది పిల్లలు ఏం చేస్తారు? రాడ్ నిషేధించే రూల్ పక్కనే, ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా వేడినీళ్లు ఇస్తాం అనే రూల్ కూడా ఉండాలి. అది లేకపోతే పిల్లలు రాడ్‌ని దాచుకుని వాడతారు. దాచి వాడేటప్పుడు మంచం కిందా, దుప్పటి పక్కనా పెడతారు. ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

చేర్పించేటప్పుడు మా చేత సంతకం పెట్టించిన రూల్స్ కాగితం మళ్లీ తీసి చదివాను. మొత్తం 27 రూల్స్. అన్నీ "విద్యార్థినులు" అని మొదలై "రాదు", "కూడదు" అని ముగిసేవే. వార్డెన్ రాత్రి ఎక్కడ ఉండాలి, మంటలు వస్తే గేటు ఎవరు తీయాలి, వైరింగ్ ఎన్నాళ్లకోసారి చూడాలి అన్నదానిమీద ఒక్క వాక్యం లేదు. ఏడాదికి అంత ఫీజు కట్టి పిల్లని అప్పగించేటప్పుడు ఈ ప్రశ్నలు అడగాలని నాకూ తోచలేదు. ఆ బాధ నన్ను వదలడం లేదు.

కొత్త చట్టాలు తెమ్మని నేను అడగడం లేదు. బయటికి వెళ్లే తలుపు లోపలున్నవాళ్లకి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోనే ఉంది. వార్డెన్ అన్ని వేళలా అందుబాటులో ఉండాలని, ఫోన్లో దొరకాలని ర్యాగింగ్ నివారణకి యూనివర్సిటీల మీద పర్యవేక్షణ చేసే యూజీసీ తెచ్చిన 2009 నిబంధనలు చెబుతున్నాయి. భద్రత పేరు చెప్పి అబ్బాయిల హాస్టళ్లలో లేని ఆంక్షలు అమ్మాయిల మీద పెట్టకూడదని యూజీసీయే 2016లో నోటిఫై చేసింది. తండ్రిగా ఈ చివరి మాట నేను తేలిగ్గా ఒప్పుకోలేదు. మా అమ్మాయి ఎనిమిదికల్లా లోపల ఉంటే నాకు టెన్షన్ ఉండదు. కానీ ఆ తెల్లవారుజామున గేటు లోపల ఉండటం వల్లే కదా మా పిల్ల ప్రమాదంలో పడింది. అబ్బాయిల హాస్టల్లో గేటుకి గడియ మాత్రమే ఉంటుందట, తాళం ఉండదట. దొంగ లోపలికి రాకుండా ఆపే ఏర్పాటు వేరు, పిల్ల బయటికి రాకుండా ఆపే తాళం వేరు. లోపలి నుంచి తోస్తే తెరుచుకుని, తెరవగానే అలారం మోగే తలుపులు బజారులో దొరుకుతున్నాయి. అవి పెడితే రాత్రి ఎవరు బయటికి వెళ్లినా తెలుస్తుంది, మంటలొస్తే ఎవరూ లోపల చిక్కుకోరు.

2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా నడుస్తున్న హోటల్లో మంటలు వచ్చి పదిమంది చనిపోయింది కూడా తెల్లవారుజామునే. అందరూ గాఢనిద్రలో ఉండే వేళ అది. అందుకే పగలు పదకొండింటికి ఫోటోల కోసం చేసే మాక్ డ్రిల్ చాలదు. కనీసం ఏడాదికి రెండుసార్లు రాత్రిపూట, లైట్లు ఆర్పి, మెట్లు దిగే డ్రిల్ చేయించండి. మూడో అంతస్తు నుంచి ఆఖరి పిల్ల బయటికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి గేటు దగ్గర పెట్టించండి. కిటికీ గ్రిల్స్‌లో ఒక్కటైనా లోపలి నుంచి తెరుచుకునేలా చేయించండి.

వైరింగ్ సంగతి నా వృత్తి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మీ ప్రభుత్వంలో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ ఉంది. ప్రతి ఏటా కాలేజీలు తెరవకముందు ప్రతి హాస్టల్ డీబీ బాక్సునీ, ఎర్తింగునీ వాళ్ల చేత చూపించి, ఆ సర్టిఫికెట్ తేదీతో సహా మెస్ గోడకి అంటించండి. బిల్డింగు కట్టిన రోజున అభ్యంతరం లేదంటూ ఇచ్చిన ఎన్‌వోసీ ఆ రోజు సంగతే చెబుతుంది, తరవాత ఎవరో మార్చిన ఎంసీబీ గురించి చెప్పదు. ఇంకొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు నీళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. పల్లపు ప్రాంతాల్లో హాస్టళ్లు ఉంటే మెయిన్ ప్యానెల్ కింది అంతస్తులో నేలకి ఆనుకుని ఉండకూడదు.

నీళ్ల గురించి గుంటూరువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2018లో తాగునీళ్లు కలుషితమై అతిసారంతో ఎంతమంది ఇళ్లలో విషాదం నిండిందో మేం చూశాం. హాస్టల్ ట్యాంకు కడిగిన తేదీ కూడా ఆ మెస్ గోడ మీదే ఉండాలి.

పిల్లల మనసు సంగతి కూడా భద్రతలో భాగమే. విశాఖ హాస్టల్లో ఒక విద్యార్థిని చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకన్నా ఎక్కువమంది చదివే చోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనబడేలా రాయాలని అందులో ఉంది. మా అమ్మాయి హాస్టల్ గోడల మీద జరిమానాల పట్టిక ఉంది. మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 గానీ, ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 గానీ ఎక్కడా లేవు. నేను చెప్పేదాకా ఆ నంబర్లు మా పిల్లకి తెలియవు.

చివరిగా, ఫిర్యాదు చేసే దారి ఒకటి కావాలి. గేటు గురించి అడుగుదామంటే, "ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతిలో ఉన్నాయి అంకుల్" అని మా అమ్మాయి స్నేహితులు నన్నే ఆపారు. హాస్టల్ ఫిర్యాదులు ఆ యాజమాన్యానికి కాకుండా జిల్లా స్థాయిలో మీ శాఖ మనిషికి నేరుగా చేరాలి, పిల్లల పేరు బయటికి రాకూడదు.

వచ్చే చలికాలం లోపల కనీసం ఆ తాళాల సంగతి, డీబీ బాక్సుల సంగతి తేల్చండి. తనిఖీలకి మనుషులు చాలకపోతే చెప్పండి, నాకు తెలిసిన లైసెన్సున్న వైర్‌మెన్లు గుంటూరులో చాలామంది ఉన్నారు. ఆదివారాలు డబ్బు తీసుకోకుండా వస్తాం. మా పిల్లలు కూడా ఇలాంటి గదుల్లోనే పడుకుంటున్నారు.

మొన్న ఇంటికొచ్చినప్పుడు మా అమ్మాయి వాళ్లమ్మతో చెబుతుంటే విన్నాను. కొత్త వాచ్‌మెన్ తొమ్మిదింటికి తాళం వేశాక ఎటు వెళ్తున్నాడో కిటికీలోంచి చూసుకున్నాకే పడుకుంటోందట.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
గుంటూరు