‘పార్టీ ఇంకా ఇవ్వలేదు’ అన్నది చట్టం ఒప్పుకోని జవాబు

సంపాదకులకు,

అయ్యా,

విశాఖపట్నంలో ఏ సంస్థలోనూ ఉద్యోగులుగా కాకుండా సొంతంగా పని చేసుకునే వెబ్ డిజైనర్లు, వీడియో ఎడిటర్లు, అనువాదకులు, కోడింగ్ చేసేవారు తాము పూర్తి చేసి ఇచ్చిన పనికి డబ్బు రాబట్టుకోలేక పడుతున్న అవస్థను మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. ద్వారకానగర్‌లో ఇటువంటివారి లెక్కలు చూసే అకౌంటెంట్‌ను కావడం వల్ల, ఎవరికి ఎంత రావాలో, ఎన్నాళ్ల నుంచి రావాలో నాకు కాగితాల మీద కనిపిస్తూనే ఉంటుంది.

ఈ బాకీల్లో ఎక్కువ భాగం అసలు పని చేయించుకున్న బిల్డరో, ఆసుపత్రో, కోచింగ్ సెంటరో నేరుగా పెట్టినవి కావు. పని మొదట ఒక ఏజెన్సీకి వెళుతుంది. ఆ ఏజెన్సీ కొంత అడ్వాన్సు ఇచ్చి ఫ్రీలాన్సర్ చేత చేయించుకుంటుంది. బ్యాలెన్సు అడిగినప్పుడు మాత్రం ‘పార్టీ ఇంకా ఇవ్వలేదు, రాగానే మీ ఖాతాలో వేసేస్తాం’ అన్న జవాబు వస్తుంది. ఆ పార్టీ ఎవరో ఫ్రీలాన్సర్‌కు తెలియదు, తెలిసినా వారిద్దరి మధ్య ఏ ఒప్పందమూ ఉండదు. లాభంలో వాటా ఇవ్వని ఏజెన్సీ, తనకు రావలసిన సొమ్ము ఆలస్యమైనప్పుడు ఆ భారాన్ని మాత్రం కింది మనిషి మీదకు నెట్టడం ఏ వ్యాపార నీతి కిందికి వస్తుందో నాకు అర్థం కాదు. కార్మిక శాఖకు వెళితే మీరు ఉద్యోగి కారంటారు, పోలీసుల దగ్గరకు వెళితే ఇది సివిల్ వ్యవహారమంటారు. దాంతో చాలామంది ఆ డబ్బుకు నీళ్లు వదులుకుంటున్నారు.

నిజానికి 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం సేవలు అందించేవారికి కూడా వర్తిస్తుంది, ఒక్కరే నడుపుకునే వృత్తి అయినా సరే. ఆ చట్టం ప్రకారం, రాతపూర్వకంగా గడువు రాసుకోకపోతే పనిని స్వీకరించిన నాటి నుంచి 15 రోజుల్లో, రాసుకున్నా 45 రోజులకు మించకుండా డబ్బు చెల్లించి తీరాలి. ఆ గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ పడుతుంది. ఒప్పందంలో ఇందుకు భిన్నంగా ఏమి రాసుకున్నా అది చెల్లదు కనుక, పై నుంచి సొమ్ము వచ్చాకే ఇస్తామన్న షరతు ఈ 45 రోజుల హద్దును జరపలేదు.

ఇంకొక సాకు ‘మార్పులు మిగిలి ఉన్నాయి’ అన్నది. పని అందిన 15 రోజుల లోపు అభ్యంతరాన్ని రాతపూర్వకంగా తెలపకపోతే, అందిన రోజునే దాన్ని స్వీకరించినట్లు చట్టం భావిస్తుంది. మూడు నెలలు వెబ్‌సైటును వాడుకుని, బిల్లు అడిగిన రోజున ఫోనులో లోపాలు ఏకరువు పెట్టేవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

అయితే ఈ రక్షణ కావాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం వద్ద నమోదు, ఉండాలి. ఒప్పందం కుదిరే నాటికే నమోదై ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ అంశం తరువాత పెద్ద ధర్మాసనానికి నివేదితమైనా, పని ఒప్పుకోక ముందే నమోదు చేసుకోవడమే క్షేమం. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఒక్క రూపాయి ఖర్చు లేకుండా అయిపోయే ఈ పనికి డబ్బు వసూలు చేసే దళారులు ఉన్నారు, వారి జోలికి పోనక్కరలేదు. నంబరు వచ్చాక దాన్ని ప్రతి బిల్లు మీదా ముద్రించాలి. బాకీ తేలకపోతే, ఇటువంటి బాకీల వివాదాలను తేల్చడానికి ఈ చట్టం కింద ఏర్పాటైన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదును తేల్చడానికి చట్టం పెట్టిన 90 రోజుల గడువు ఆచరణలో తరచు దాటిపోతున్న మాట వాస్తవమే అయినా, కౌన్సిల్ తీర్పును కోర్టులో సవాలు చేయదలచిన కొనుగోలుదారు ఆ మొత్తంలో 75 శాతం ముందుగా జమ చేయాలి కాబట్టి, ఊరికే సాగదీయడం అంత తేలిక కాదు.

లెక్కలవైపు నుంచి ఒక విడ్డూరం చెప్పాలి. కొన్ని ఏజెన్సీలు మార్చి నెలాఖరున బిల్లును తమ ఖర్చుల్లో రాసుకుని, దానిపై టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కూడా జమ చేస్తాయి, మిగతా సొమ్ము మాత్రం ఇవ్వవు. పన్ను ఖాతాలో ఆదాయంగా కనిపించే ఆ మొత్తం బ్యాంకు ఖాతాలో కనిపించదు. బిల్లు ఏజెన్సీ పుస్తకాల్లోకి ఎక్కిందని చూపే ఆధారం అది, భద్రపరచుకోవాలి. పైగా, 2023 ఆర్థిక చట్టం తెచ్చిన మార్పు వల్ల, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని, నిజంగా చెల్లించిన సంవత్సరంలో తప్ప ఖర్చుగా చూపుకునే వీలు లేదు. ఈ నిబంధనకు జడిసి ఉద్యమ్ నంబరు ఉన్నవారికి పని ఇవ్వడానికే కొందరు వెనకాడుతున్నారని కూడా వింటున్నాను. అటువంటి ఏజెన్సీ పని పోతే పోనివ్వడమే మేలని నా అభిప్రాయం.

ఫిర్యాదు చేస్తే ఊళ్లో మరెవరూ పని ఇవ్వరన్న భయం నిరాధారమైనది కాదు, విశాఖలో ఈ రంగంలో అందరూ అందరికీ తెలిసినవారే. అందుకే భారమంతా ఫ్రీలాన్సర్ల మీదే వేయకుండా, జిల్లా పరిశ్రమల కేంద్రం రుషికొండ, మధురవాడ ప్రాంతాల్లోనూ ఇంజినీరింగ్ కళాశాలల్లోనూ నమోదు శిబిరాలు నిర్వహించాలి. మహా విశాఖ నగరపాలక సంస్థ మొదలైన ప్రభుత్వ సంస్థలు ప్రచారం, వెబ్‌సైట్ల పనులను ఏజెన్సీలకు అప్పగించేటప్పుడు, ఆ ఏజెన్సీలు ఎవరి చేత పని చేయించుకున్నాయో వారికి చెల్లించినట్లు రుజువు చూపితేనే తుది బిల్లు పాస్ చేస్తామన్న షరతు టెండర్లలో చేర్చాలి.

పాత బాకీలు ఉన్నవారు మాత్రం ఇవేవీ జరిగే వరకు ఆగకూడదు. బాకీ వసూలుకు దావా వేయడానికి సాధారణ గడువు మూడేళ్లు. ఆ లోపు సంతకంతో కూడిన బాకీ అంగీకార పత్రం తీసుకుంటే ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది.

భవదీయుడు,
ఒక అకౌంటెంట్,
ద్వారకానగర్, విశాఖపట్నం.