ఒక్క ఎలక్ట్రాన్ తక్కువ

బిడ్డా,

నిన్న ఫోన్‌లో "పరమాణు నిర్మాణం అసలు ఎక్కట్లేదు నాయనా, అన్నీ పేర్లూ సంవత్సరాలే" అన్నావు. నేను నోరు తెరిచేలోపే హాస్టల్ వాళ్లిచ్చిన పది నిమిషాలు అయిపోయాయి. అందుకే ఉత్తరం.

ఎలక్ట్రాన్ థామ్సన్ 1897, కేంద్రకం రూథర్‌ఫర్డ్ 1911, న్యూట్రాన్ చాడ్విక్ 1932 అని బట్టీ పడితే ఎవరికైనా విసుగే. ఒక్కొక్కరి దగ్గర ఆగి "ఇది నీకెట్లా తెలిసింది?" అని అడుగు. రూథర్‌ఫర్డ్ దగ్గర గైగర్, ఇంకా డిగ్రీ కూడా పూర్తి కాని మార్స్‌డెన్ చీకటి గదిలో కూర్చుని, తెర మీద పడే చిన్న చిన్న మెరుపులను కళ్లతో లెక్కపెట్టారు. సన్నటి బంగారు రేకులోంచి ఆల్ఫా కణాలు (ధనావేశం ఉన్న చిన్న కణాలు) దాదాపు అన్నీ దూసుకుపోయాయి. వేలల్లో ఏ ఒక్కటో వెనక్కి తిరిగొచ్చింది. రూథర్‌ఫర్డ్ గురువు థామ్సనే. ధనావేశం పరమాణువంతా పరుచుకుని ఉంటుందని గురువు చెప్పింది నిజమైతే అది తిరిగి రాకూడదు. ఆ ఒక్కదాన్ని "ఏదో పొరపాటులే" అని వదిలేస్తే నీకు ఈ చాప్టరే ఉండేది కాదు! 1909లో చూసినదానికి అర్థం, అంటే మధ్యలో చిన్న కేంద్రకం ఉందని, తేల్చడానికి 1911 దాకా పట్టింది.

ఇక మన ఇంటి సంగతి. చిన్నప్పుడు నా పళ్ల మీది గోధుమ చారలు చూసి "పళ్లు తోముకోవా నాయనా" అని నవ్వేదానివి. నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు మా ఊళ్లో అవి లేనివాళ్లే తక్కువ. మీ తాతకు పక్కనున్నవాణ్ని చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. నానమ్మ దాన్ని శాపం అనేది. కానీ చారలూ, తాత మెడా నీళ్లలోని ఫ్లోరైడ్ పనే.

ఫ్లోరిన్ పరమాణు సంఖ్య 9. లోపలి కక్ష్యలో 2 ఎలక్ట్రాన్లు, బయట 7. ఎనిమిదికి ఒక్కటి తక్కువ. ఆ ఒక్కటీ ఎవరి దగ్గరైనా లాక్కుని ఫ్లోరైడ్ అవుతుంది. మన నేల కింద గ్రానైట్‌లో అలా చేరి ఉన్నది బోరు నీళ్లలోకి కరిగి వస్తుంది. దాని విద్యుదావేశం, సైజు ఎముకలోని హైడ్రాక్సిల్ (OH) అనే భాగానికి దగ్గరగా ఉంటాయి, అందుకే దాని చోట్లో కూర్చుంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదు.

ఇది నీళ్ల పనేనని ఎలా తేలింది? ఇప్పటి ప్రకాశం జిల్లా వైపు 1930ల్లో ఎద్దులు నడవలేకపోవడం ముందు పట్టుకున్నది రైతులే. మనుషుల్లో ఈ జబ్బు గురించి డాక్టర్లు రాసింది 1937లో. అమెరికాలో మెక్‌కే అనే పళ్ల డాక్టర్ కథ నాకు ఇంకా ఇష్టం. ఓక్లీ అనే ఊరికి కొత్త పైపులైన్ వచ్చాకే పిల్లల పళ్లకు మచ్చలొచ్చాయని తల్లులు చెప్పారు. ఆయన నీళ్లు మార్చమన్నాడు. మార్చాక కొన్నేళ్లకు చిన్న పిల్లలకు పళ్లు తెల్లగా వచ్చాయి. అసలు దోషి ఫ్లోరైడ్ అని 1931లో చర్చిల్ అనే రసాయనవేత్త నీళ్లు పరీక్షించి పట్టుకున్నాడు.

పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. దేనికి గర్వపడాలో నాకైతే తెలియదు.

నేను నీళ్ల శాంపిళ్లు పరీక్షించే ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకే ఊళ్లో నూరు గజాల దూరంలో రెండు బోర్లు చూశాను. ఫ్లోరైడ్ ఎక్కువుంటే పరీక్షకు వేసే ఎర్ర ద్రావణం పసుపు తిరుగుతుంది. ఒకదానికి పసుపు తిరిగింది, రెండోది ఎర్రగానే ఉంది. నా చేతిలో తప్పేమోనని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. నానమ్మకు చూపిస్తే "రంగు మారిందని నీళ్లు మానుతారా?" అంది. నాకు కోపమొచ్చింది కానీ, ఆమె అడిగింది సబబే. రంగుకూ తాత మెడకూ మధ్య సంబంధం నేను చూపలేదు కదా.

నీ పళ్లకు చారల్లేవు. కృష్ణా నీళ్లు తాగబట్టే అని నానమ్మ ఇప్పుడు ఊరంతా చెబుతోంది. ఒక్క నిన్ను చూసి అలా చెప్పొచ్చా? దసరాకు వచ్చినప్పుడు కిట్ ఇంటికి తెస్తాను. పాత బోరు నీళ్లు, నల్లా నీళ్లు నువ్వే పరీక్షించు. ఏది ఏ రంగు తిరుగుతుందనుకుంటున్నావో ముందే నోట్‌బుక్‌లో రాసిపెట్టు. తర్వాత కొట్టివేయకూడదు.

అమ్మ మామిడికాయ తొక్కు పంపిస్తోంది, రూమ్‌లో అందరికీ పెట్టు.

నీ నాయన