దోర్నాల - శ్రీశైలం ఘాట్‌లో రద్దీ రోజుల బస్సుల గురించి బహిరంగ లేఖ

మార్కాపురం అటవీ డివిజన్ అధికారి గారికి,

అయ్యా,

శివరాత్రికీ, కార్తీక సోమవారాలకూ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఈ దారి కార్లతో నిండిపోతోంది. ఆ రోజుల్లో కార్లు దోర్నాలలోనే ఆపించి, కొండకు ఆర్టీసీ బస్సులు తిప్పించండి.

దూరం సుమారు 50 కిలోమీటర్లు. ఘాట్‌లో గంటకు 30 చొప్పున ఎక్కడానికే గంటా నలభై నిమిషాలు. జనం ఎక్కిదిగడం కలుపుకుంటే పోయిరావడానికి నాలుగు గంటలు. పావుగంటకో బస్సు కావాలంటే 16 తిరగాలి, రెండు స్పేర్‌లో ఉండాలి. యాభై మంది ఎక్కిన ఒక్క బస్సు పన్నెండు కార్లను తగ్గిస్తుంది.

రాత్రి 9కి అటవీ చెక్‌పోస్టు గేటు పడుతుంది కనుక శ్రీశైలంలో ఆఖరి బస్సు 7 దాటకూడదు. ఆఖరి బస్సు వేళను ముందే మైకులో చెప్పించాలి, లేకపోతే గొడవ మళ్లీ గేటు దగ్గరే.

ముసలివాళ్లున్న కార్లను వదలక తప్పదు. అవి ఎంత వేగంగా పోయాయో తెలిసేలా చీటీపై గేటు దాటిన టైము వేయండి. మలుపుల్లో ఓవర్‌టేక్ చేసే కారుకు ఎదురుగా బస్సు వస్తే రెండు వైపులా ట్రాఫిక్ కదలదు. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలి బ్రేకు తొక్కుతూ పోతే బ్రేకులు కాగి పట్టు తప్పుతాయి. రెండో గేరే దిక్కు. శిఖరేశ్వరం గుడి దగ్గర రోడ్డు మీద బండి ఆపనివ్వకండి. కోతులకు అరటిపండ్లు వేసే సరదా కూడా అక్కడే మొదలవుతుంది!

ఇట్లు,
పశ్చిమ ప్రకాశం ప్రయాణికులు