గ్రహణం మొర్రి పిల్లల పళ్ళనూ పట్టించుకోండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అబ్బాయి గ్రహణం మొర్రితో పుట్టాడు. 4వ నెలలో పెదవికి, ఏడాది నిండాక అంగిలికి ఆపరేషన్లు ఉచితంగా జరిగాయి. ఆ డాక్టర్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాం. కానీ 3 ఏళ్ళకే వాడి పై పళ్ళు నల్లబడి పుచ్చిపోయాయి. రాత్రుళ్ళు బుగ్గ పట్టుకుని ఏడ్చేవాడు. గ్రహణం రోజు కూరగాయలు తరిగావా అని నన్ను అడిగినవాళ్ళు ఎందరో! వాడి పళ్ళు జాగ్రత్త అని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. డిశ్చార్జి చీటీలో కూడా ఆ మాట లేదు.

ఈ పిల్లలకు పళ్ళు తొందరగా పుచ్చుతాయని తర్వాత పళ్ళ డాక్టరు చెబితే తెలిసింది. చీలిక పక్కన పళ్ళు వంకరగా, ఒకదానిమీద ఒకటి ఎక్కి వస్తాయి. కొన్నింటికి పైన ఎనామిల్ పొరే సరిగా ఏర్పడదు. కుట్లు పడిన పెదవి బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఎత్తి తోమడం కష్టం. అసలు అక్కడ బ్రష్ పెట్టాలంటేనే నాకు చేతులు వణికేవి. ఏడాదిన్నర పాటు తడిగుడ్డతో పైపైన తుడిచి వదిలేశాను. పాలు ముక్కులోంచి వచ్చేస్తుంటే కొంచెం కొంచెంగా గంటలకొద్దీ పట్టేదాన్ని. ఒళ్ళు చేయాలని చక్కెర కలిపి, నిద్రలో కూడా.

'పాలపళ్ళే కదా, ఊడిపోతాయి' అన్నారు ఇంట్లో పెద్దవాళ్ళు. కానీ వాటిని అలా వదిలేయకూడదు. చీలిక చిగురు దాకా ఉన్న పిల్లలకు సాధారణంగా 8 నుంచి 11 ఏళ్ళ మధ్య, కోరపన్ను రాకముందే, ఆ ఖాళీలో ఎముక పెట్టే ఆపరేషన్ చేస్తారు. నోట్లో పుచ్చు, చీము ఉంటే ముందు వాటిని నయం చేయాలి. తర్వాత క్లిప్పులు వేయాలన్నా పళ్ళు గట్టిగా ఉండాలి.

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గుర్తించాల్సిన సమస్యల్లో గ్రహణం మొర్రి ఉంది, పిప్పిపళ్ళూ ఉన్నాయి. దాని కింద పెట్టిన జిల్లా కేంద్రాల్లో పళ్ళ డాక్టరు ఉండాలని నిబంధన కూడా ఉంది. ఆపరేషన్ అయిన ప్రతి బిడ్డనూ మొదటి పన్ను కనిపించగానే అక్కడికి పంపే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. పళ్ళు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బియ్యపు గింజంత పెట్టి ఎలా తోమాలో తల్లి చేత చేయించి చూపించాలి. క్రమం తప్పకుండా ఫ్లోరైడ్ పూత వేయాలి. ఆశా కార్యకర్తలు టీకా తేదీలాగే పళ్ళ పరీక్ష తేదీనీ గుర్తు చేయాలి.

మా వాడికి ఇప్పుడు 6 ఏళ్ళు. 4 పాలపళ్ళు పీకించాం. ఎముక ఆపరేషన్‌కు ఇంకా రెండు మూడేళ్ళుంది, ఆలోగా మిగిలినవి కాపాడుకోవాలని రోజూ రెండు పూటలా నేనే దగ్గరుండి తోముతున్నాను.

— ఒక తల్లి, విజయనగరం